దూరం అన్న జవాబు

తెనాలి, 1994 ఆగస్టు, మంగళవారం

కాన్పుల సర్వే జవాబులకు ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో ఇవాళ తేల్చాల్సి వచ్చింది. కంప్యూటర్ సెంటర్‌లో రెండు చూపించారు. మొదటిది మాటలను బట్టి జవాబులను తనే విడగొడుతుంది. రెండోదానిలో ప్రతి జవాబునూ మనమే చదివి, ఏ కుప్పలో వెయ్యాలో చెప్పాలి. మా సంస్థ డైరెక్టర్ గారికి మొదటిది నచ్చింది.

పరీక్షకని, నగరం అనే మండలంలో నేను ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చిన కాగితాలను ఇంగ్లీషులోకి మార్చి అందులో ఎక్కించాం. కాన్పుకు ఆసుపత్రికి ఎందుకు రాలేదన్న ప్రశ్నకు ఎక్కువ జవాబులు 'దూరం' కింద చేరాయి.

"చూశారా, ప్రభుత్వాన్ని ఒక జీపు అడిగితే సరిపోతుంది," అన్నారాయన.

ఆ కుప్పలో దళితవాడ మరియమ్మ జవాబు కూడా ఉంది. ఆమె నాతో అన్నది వేరు. "ఆసుపత్రి దగ్గరేనండి. అక్కడ మమ్మల్ని దూరంగా కూర్చోబెడతారండి." మాట ఒకటే కనుక ప్రోగ్రామ్ దాన్ని అక్కడే పడేసింది.

తెలుగు కాగితం తీసి చదివి వినిపించాను. ఆయన దాన్ని అందుకుని తనూ చదివారు.

"రెండోదే తీసుకుందామమ్మా. ఆలస్యమైతే అయింది," అన్నారు.

సంతోషంగానే ఇంటికొచ్చి ఆ కుప్పలోని మిగతా తెలుగు కాగితాలు ముందేసుకున్నాను. చాలావాటిలో నా చేతిరాతతో 'దూరం' అన్న ఒక్క మాటే ఉంది. ఎండలో తిరిగి అలసిపోయి, ఆ మాట వినగానే రాసుకుని పక్కింటికి నడిచేదాన్ని. వాళ్లు ఇంకా ఏదో చెబుతూనే ఉండేవారు. నేను రాయనిది ఏ సాఫ్ట్‌వేర్ చదువుతుంది?

మళ్లీ ఆ ఇళ్లకు వెళ్తానని రేపు సార్‌తో చెప్పాలి. ఈసారి కూర్చుని వింటానంటే వాళ్లు నమ్ముతారో లేదో...