మారయ్య గిర్నిలో మర్యాద

ఫిబ్రవరి 3, సోమవారం

ఉదయం 5.40. ఎరువుల దుకాణంలో ఊరికే ఇచ్చిన డైరీ. జనవరి అంతా ఖాళీ. పోనీ, ఇవాళ్టి నుంచి రాస్తాను.

నిర్ణయం: నలభై రోజులు నా పిండి గిర్నికి వచ్చే ఎవరినీ తిట్టను. కసరను. మొహం చిట్లించను.

కారణం దాచుకోవడం దేనికి? అండాలక్క. పందొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్నే ఇరవై కిలోల జొన్నలు నా గిర్నిలోనే పట్టించుకుంటుంది. సాయంత్రం మక్తల్ బస్టాండు దగ్గర జొన్న రొట్టెలు కాల్చి అమ్ముతుంది. మొన్న శనివారం కూడా వచ్చింది. నేను బెల్టు సరిచేస్తుంటే మూడుసార్లు అడిగింది, అయిందా అని. నాకు మండింది. "గంత తొందరుంటే ఇంకో గిర్ని చూస్కో, పో!" అన్నాను.

ఈ మాట నేను అందరితోనూ అంటాను. రోజుకు పదిసార్లయినా అంటాను. ఎవరూ పోలేదు. అండాలక్క పోయింది! డబ్బా నెత్తిన పెట్టుకుని, బస్టాండు వెనక కొత్తగా పెట్టిన గిర్నికి.

కౌసల్య అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. కట్టుకున్న భార్య! చివరగా అన్నది ఒక్కటే: "అక్క వాపసొచ్చినంక మాట్లాడుత."

మా బిడ్డ మనీష మహబూబ్‌నగర్‌లో ఫోన్ల షోరూంలో పని చేస్తుంది. ఫోన్ చేసి, "పోయి తప్పైందని చెప్పు బాపూ, అయిపోతది గదా" అంది. అదొక్కటీ నా వల్ల కాదు. నేను మంచిగా మారితే ఊరంతా చెప్పుకుంటారు. ఆ మాట అక్క చెవిన పడుతుంది. తనే వస్తుంది. సరేనని మనీష షోరూంలో నేర్పిన పద్ధతి చెప్పింది. నవ్వాలి. నమస్తే పెట్టాలి. ఆలస్యమైతే "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనాలి.

నేను రెడీ!

ఫిబ్రవరి 4, మంగళవారం

నవ్వాను. పదకొండు మందికి నమస్తే పెట్టాను. దవడలు నొప్పి.

బియ్యం పట్టించుకోవడానికి వచ్చిన గాలయ్య తాత నా మొహంలోకి చాలాసేపు చూశాడు. "ఏం మారయ్యా, దవాఖానకు గిట్ల పోయినవా? డాక్టర్ ఏమన్నడు?"

తిట్లు: సున్నా.

ఫిబ్రవరి 5, బుధవారం

కొత్త పుకారు. నేను కౌన్సిలర్‌గా నిలబడుతున్నానట! ఎదురింటి నాగరాజు వచ్చి చెవిలో అడిగాడు. "మామా, ఏ పార్టీ? మా ఇంట్ల నాలుగు ఓట్లున్నయి, యాదిల పెట్టుకో."

కాదు మొర్రో అంటే నమ్మడు. "మరి ఎవలన్న ఊకెనే నమస్తే పెడ్తరా?" అన్నాడు.

అండాలక్క ఇటువైపు రాలేదు. కౌసల్య చాయ్ గ్లాసు పెట్టి వెళ్లిపోయింది. గ్లాసు పెట్టిన చప్పుడు మాత్రం గట్టిగానే వినిపించింది.

ఫిబ్రవరి 6, గురువారం

శ్రీదేవి టీచరమ్మ జొన్నలు తెచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే తడి. పాత మారయ్య అయితే సంచి వీధిలో ఉండేది. కొత్త మారయ్య ఏం చేశాడు? "ఏం ఫికర్ లేదు మేడం" అన్నాడు.

తడి జొన్నలు రాయికి ముద్దలా పట్టేశాయి. గిర్ని ఆగింది. రాయి విప్పి గీకడానికి రెండు గంటలు పట్టింది. తొమ్మిది మంది నిలబడ్డారు. తొమ్మిది మందికీ అసౌకర్యానికి చింతించాను. ఒకాయన, "చింత తర్వాత పడుదువు, ముందుగాల రాయి బిగియ్యి" అన్నాడు.

తిట్లు: సున్నా. మనసులో అన్నవి రాయను.

ఫిబ్రవరి 8, శనివారం

సాయంత్రం 6.00. రాయచూరు బస్సు చాటున నిలబడి అండాలక్క బండి చూశాను. ఎప్పుడూ పది మంది ఉండే చోట ముగ్గురున్నారు. ఒక రొట్టె తెప్పించుకుని చూశాను. అంచులు పగిలిపోయాయి. కొత్త గిర్ని పిండి బరక! జొన్న పిండి మెత్తగా లేకపోతే రొట్టె చెయ్యి కింద సాగదు. ఆ గిర్నివాడికి ఫ్యాను ఉంది, కుర్చీలు ఉన్నాయి, పిండి గురించి మాత్రం తెలియదు.

అక్క చేతులతో అదుముతోంది, పగులుతోంది, మళ్లీ అదుముతోంది. నాకు చాలా బాధేసింది. దగ్గరికి పోదామని రెండడుగులు వేశాను. బస్సు కదిలింది. నేను కనబడిపోతానని ఇంటికొచ్చేశాను.

ఫిబ్రవరి 10, సోమవారం

బెల్టును తిట్టాను. బెల్టు కస్టమర్ కాదు.

మోటారును తిట్టాను. కరెంటును తిట్టాను. జల్లెడను, వాటి అమ్మానాన్నలను కూడా తిట్టాను. వరుసలో ఉన్నవాళ్లు సర్దుకుని నిలబడ్డారు. ఎవరినంటున్నానో వాళ్లకు తెలుసు. అయినా రూలు ప్రకారం ఎవరినీ అనలేదు.

తిట్లు: సున్నానే!

ఫిబ్రవరి 12, బుధవారం

ఉదయం 8.00. లారీల విజేందర్ పది కిలోల ఎండు మిరపకాయలతో దిగాడు. నా గిర్నిలో మిరపకాయలు ఆదివారమే, అది కూడా అన్నిటికంటే చివర. బోర్డు ఉంది. ఎందుకంటే మిరప పట్టాక రాయి మొత్తం విప్పాలి, తుడవాలి, రెండు కిలోల నూకలు ఆడించి పారబోయాలి. గంట పని.

"అర్జంటు అన్నా, ఇంట్ల ఫంక్షన్" అన్నాడు. కండ్లు కనబడ్తలేవా, బోర్డు చదువు అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. నవ్వాను. పట్టాను. వీధంతా తుమ్ములు.

9.00. రాయి విప్పుదామని పానా తీశాను. గుమ్మంలో అండాలక్క! డబ్బాతో!

"ఏం తమ్మీ, మారినవంట గదా? ఊరంత గదే ముచ్చట."

పానా పక్కన పడేశాను. ఇప్పుడు గంటసేపు ఆగమనాలా? ఆగమన్నందుకే కదా పోయింది! గుప్పెడు నూకలు ఆడించాను. చాల్లే అనుకున్నాను. అక్క జొన్నలు పోశాను. పది నిమిషాల్లో పిండి చేతిలో పెట్టాను. కౌసల్య బయటికొచ్చి, "చాయ్ తాగుతవా?" అంది. పదకొండు రోజుల తర్వాత మాట! మనీషకు ఫోన్ చేసి గొప్పలు చెప్పాను.

తిట్లు: సున్నా. సున్నా. సున్నా!!

ఫిబ్రవరి 13, గురువారం

ఉదయం 7.15. అండాలక్క వచ్చింది. ఒడిలో రొట్టెల మూట. వరుసలో ఉన్న అందరి ముందూ ఒక రొట్టె నా చేతిలో పెట్టింది.

"తిను."

తిన్నాను. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత నాలుక, గొంతు, చెవులు. కళ్లలో నీళ్లు.

"రంగు తెల్వలే, వాసన తెల్వలే. ఉత్త పిండే అనుకున్న. నిన్న రాయచూరు బస్సు డ్రైవర్ చెంబెడు నీళ్లు తాగిండు. ఇంకొకాయన నా మొఖాన్నే పారేసిపోయిండు. పందొమ్మిదేండ్ల బేరం తమ్మీ నాది! ఒక్కనాడన్న ఎవలన్న నా రొట్టెకు వంక పెట్టిండ్రా? నువ్వు మర్యాద నేర్చి నన్ను ముంచినవ్."

సరిగ్గా అప్పుడే విజేందర్ ఇంకో సంచితో వచ్చాడు. "అన్నా, ఇంకో అయిదు కిలోలు..."

పది రోజులవి మొత్తం ఒకేసారి వచ్చేశాయి. ఏమన్నానో గుర్తు లేదు. బోర్డుతో మొదలుపెట్టి, వాడి లారీ, వాడి ఫంక్షన్, దానికి వండబోయే కూర, అన్నీ అయ్యాయి. విజేందర్ సంచి నెత్తిన పెట్టుకుని పరుగు. గాలయ్య తాత, "ఇగో, గిప్పుడు మనిషి లెక్కున్నడు" అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకుని డబ్బాలు వరుసలో సర్దుకున్నారు.

అండాలక్క మాత్రం వెనక్కి తిరిగింది. పోతోంది. ఇక ఆగలేకపోయాను.

"అక్కా, ఆగు. గా శనివారం నిన్ను పొమ్మన్న. తప్పైంది."

ఆమె నిలబడింది. తిరిగి చూడలేదు.

"నువ్వు తిట్టినవని పోయిన అనుకున్నవా? పందొమ్మిదేండ్ల సంది తిడ్తున్నవ్, ఎన్నడన్న ఫికర్ చేసిన్నా? తిట్టు. ఎంతన్న తిట్టు. పొమ్మంటవా? గందుకే పోయిన. గన్నేండ్ల సంది గీ గిర్ని తప్ప నాకు ఇంకో గిర్ని తెల్వకపాయె. నేనేడికి పోవాలె?"

కౌసల్య వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

రాయి విప్పాను. తుడిచాను. నూకలు మూడుసార్లు ఆడించి పారబోశాను. మా ఇంటి జొన్నలు ఇరవై కిలోలు మెత్తగా పట్టి, డబ్బా నేనే మోసుకుని బస్టాండుకు పోయాను. సాయంత్రమంతా బండి పక్కనే నిలబడ్డాను. నిన్న నోరు కాలినవాళ్లు వచ్చారు. అక్క నావైపు వేలు చూపించింది. ఒక్కొక్కరే తిట్టారు. బస్సు డ్రైవర్ ఎక్కువసేపు తిట్టాడు. అందరికీ తప్పైందనే చెప్పాను. రెండోసారి నుంచి అంత కష్టంగా లేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

ఒకటో రోజు. మళ్లీ.

నిర్ణయం: తిట్టొచ్చు. ఎవరినీ పొమ్మనకూడదు. నలభై రోజులు కాదు, గిర్ని తిరిగినన్ని రోజులు.

ఉదయం 8.10. బ్యాంకుకు బదిలీ మీద వచ్చిన కొత్తాయన గోధుమలు తెచ్చాడు. ఫోన్లో మాట్లాడుతూ నేరుగా వచ్చి అందరి ముందు సంచి పెట్టాడు. "కండ్లు నెత్తికెక్కినయా? గీడ నిలబడ్డోళ్లు మనుషుల లెక్క కనబడ్తలేరా?" అన్నాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, సంచి తీసుకుని బయటికి నడిచాడు.

నేను పొమ్మనలేదు. రూలు ప్రకారం నా తప్పేమీ లేదు. వరుసలో ఉన్న అండాలక్క వైపు చూశాను. ఆమె పోతున్న ఆయన వీపునే చూస్తోంది.

మోటారు బంద్ చేశాను. పిండి చేతులతోనే రోడ్డు దాకా ఉరికాను. "ఓ సారూ! ఆగుండ్రి! తప్పైంది, వాపసు రాండ్రి!"

వచ్చాడు. ఆయన నీలం చొక్కా మోచెయ్యి మీద నా అయిదు వేళ్ల పిండి అచ్చు పడింది. వరుసలో చివర నిలబెట్టాను. గోధుమలు మెత్తగా పట్టి ఇచ్చాను.

రేపు మళ్లీ ఒకటో రోజు.