మసి పట్టని గొట్టం

పెద్దోడా, నేను గుండ్రాయిలా ఉన్నాను. చూపు మందగించింది, గొట్టాలు తోమే పని మానేసి రమ్మని రాశావు. రాను. ఈ ప్రయోగశాలలో మీథేనునూ బొగ్గుపులుసు గాలినీ కొలిమి గొట్టంలోకి పంపి, పనికొచ్చే గ్యాసుగా మారుస్తారు. ఇన్నాళ్లూ అందులో ఏ పొడి వేసి చూసినా ప్రతి గొట్టమూ మసితో పూడుకుపోయేది. నిన్న రోడియం లోహం రవ్వంత అద్దిన పొడి వేశారు. గ్యాసు దండిగా వచ్చింది, గొట్టం ఒక్క తుడుపుకే శుభ్రమైంది! ఈ ప్రయోగం నడిపే మేడమ్ నమ్మలేదు.

"నిజంగా మసి లేదా అవ్వా?" అంది.

"నా వేళ్లకు తెలీని మసా తల్లీ!" అన్నాను. ఎగిరి గంతేసింది.

ఇక ఈ పొడితోనే కొలిమిని నెల్లాళ్లు ఆపకుండా నడుపుతారు. తర్వాత తుడిచి చెప్పాల్సింది నేనే. కోడలి మోకాలు ఎలా ఉంది? నా నూలు చీరలు రెండు పంపు. పిల్లలకు నా దీవెనలు. ఈ కార్డు మేడమే రాస్తోంది, నీ జవాబూ ఆమే చదివి వినిపిస్తుంది; నోరు అదుపులో పెట్టుకుని రాయి.