రాయి మీద ఆరు చుక్కలు

గార్ల దగ్గర మన ఊరు,
14 మే 2013, మంగళవారం.

అమ్మా అరుంధతీ,

నీ వాకిట్లో నిలబడి దక్షిణం దిక్కు తలెత్తి చూసి ఎన్నాళ్లయింది? నిజం చెప్పు. ఎండాకాలం సగం దాటిపోయింది, ఒక్క రాత్రన్నా చూశావా? దక్షిణపు నక్షత్రాలను కూడా దేవుడే చేశాడని యోబు భక్తుడు పుండ్లతో బూడిదలో కూర్చొని సాక్ష్యమిచ్చాడు. ఏ పుండూ లేని మనం తల దించుకుని తిరుగుతున్నాం.

ఇక్కడ నేనూ, నిన్ను కన్న మీ అవ్వా ప్రభువు కృపలో ఉన్నాం. క్షేమం అనే మాట రాయబోతే చెయ్యి ఆగింది, అందుకే కృప అని రాశాను. నువ్వూ అల్లుడూ బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే నాయిన ఎందుకు మాట్లాడడని అడిగావు. నీ గొంతు వింటే చెప్పాల్సింది వెనక్కి పోతుంది తల్లీ. కాగితం మీదైతే నన్ను ఆపేవాళ్లుండరు.

నువ్వడిగిన వాటికి ముందు జవాబు రాస్తాను. అవ్వ మోకాలి నొప్పి తగ్గలేదు. మానుకోట దవాఖానలో గోళీలిచ్చారు, వాటిని సగానికి విరిచి మింగుతోంది. కరెంటు రాత్రి ఏడింటికి పోయి పదింటికి వస్తుంది. అవ్వ అంటుంది గదా, "బిడ్డ ఇంటి పక్కన చెల్పూర్‌లనే కరెంటు పుడ్తది. అల్లున్ని ఒక సీసల పోసి పంపుమను" అని. నీ తమ్ముడు జైపాల్ పోయాక ఈ ఇంట్లో వినబడ్డ మొదటి నవ్వు అది. ఆమె ఒక్కతే నవ్వింది.

జైపాల్ జ్ఞాపకార్థ కూడిక ఈ ఆదివారం. సమాధి రాయి వచ్చింది. రాయి చెక్కే కాటమయ్య నిన్న వచ్చి ప్రార్థన పాక ముందు కూర్చున్నాడు. "పోశాలన్నా, సిలువ ఒక్కటేనా, ఇంకేమన్న చెక్కాల్నా? శుక్రారం ఉలి పెడ్త. మల్ల రాయి మీద తుడుపుడు ఉండది," అన్నాడు. ఆ జవాబు నీ దగ్గర ఉంది. ఎందుకో చెప్పాలంటే గుట్ట దగ్గర మొదలుపెట్టాలి.

మిర్చి యార్డులో బస్తాలు మోస్తూ, గోనెసంచుల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి నేను. గురువు లేడు. ఆకాశం కూడా అట్లాగే నేర్చుకున్నాను. ప్రతి శుభశుక్రవారం ఆరాధన అయ్యాక విశ్వాసులందరినీ గుట్ట ఎక్కించి, కందిళ్లు ఆర్పించి, దక్షిణాన నాలుగు చుక్కల సిలువను చూపించేవాణ్ణి. ఇరవై రెండేండ్లు చూపించాను. చూసి ఏడ్చినవాళ్లున్నారు, తాగుడు మానినవాళ్లున్నారు.

కిందటేడు శుభశుక్రవారం తమ్ముడు జనగామ నుంచి వచ్చాడు. మెడలో గులాబీ కండువా, కండ్ల కింద నలుపు. డిగ్రీ చదువు కంటే తెలంగాణ దీక్షా శిబిరంలోనే ఎక్కువ కూర్చుంటున్నాడని నాకు కోపం. గుట్ట మీద నేను చెయ్యెత్తి చూపిస్తుంటే నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు.

"నాయినా, గది అసలు సిలువ కాదే. పెద్దగ ఉంటది గని మసక. అసలుది చిన్నగ ఉంటది, గట్టిగ మెరుస్తది. దాని ఎన్క రెండు పెద్ద చుక్కలు దాన్నే చూపెడ్తయి. ఇంక మూడు గంటలు ఆగితె లేస్తది. ఆగుదమా?"

మెల్లగానే అన్నాడు. కాని తండా నుంచి వచ్చే చంద్రికి వినబడింది. ఆమె నోరు నీకు తెలుసు. "ఏంది పోశాలన్నా, ఇన్నేండ్ల సంది ఉత్త చుక్కలకు పాటలు పాడినమా?" అంది. అందరూ నవ్వారు. నేను వాణ్ణి కొట్టాను. "నీ కాలేజి పుస్తకం దేవుని కంటె ముందు పుట్టిందారా? మాఫీ అడిగేదాక నా గడప తొక్కకు" అన్నాను. వాడు చెంప పట్టుకుని, "దేవుడు పెట్టినవే రెండు నాయినా. నువ్వు చూసింది ఒకటే," అన్నాడు.

ఈ సంగతి ఊరందరికీ తెలుసు, నీకూ తెలుసు. పట్టుబడిన రాత్రి తోటలో ప్రభువు తన శిష్యులను ఒక్క గడియ మేలుకొమ్మని అడిగాడని ఆ శుక్రవారం పొద్దున్నే ప్రసంగించాను. సాయంత్రం నా కొడుకు మూడు గంటలు అడిగితే అందరినీ గుట్ట దింపేశాను. వాడొక్కడే పైన ఉండిపోయాడు.

మే ఇరవయ్యో తారీకున జనగామ శిబిరంలో వాడికి వడదెబ్బ తగిలింది. నేను చేరేసరికి తెల్లగుడ్డ కప్పారు. ఆ డేరాలో కూర్చున్న పిల్లలు నా కాళ్లు పట్టుకుని ఏడ్చారు. "జైపాలన్న మాకు చుక్కలు చూపెట్టెటోడు బాపూ" అన్నారు. ఊరు కాని ఊళ్లో వాడొక గుట్ట కట్టుకున్నాడన్నమాట. అక్కడ ఎవరూ వాణ్ణి కొట్టలేదు.

పది రోజుల కింద కరెంటు పోయాక నేనూ అవ్వా వాకిట్లో మంచాలేసుకున్నాం. ఎనిమిదిన్నర అయి ఉంటుంది. అవ్వ ఉన్నట్టుండి, "గా రెండు పెద్ద చుక్కలు ఏందయ్యా, పక్కపక్కన? గవి దేన్నో చూపెడ్తున్నట్టున్నయి," అంది. లేచి చూశాను. ఆ రెండింటికి కుడిపక్క చిన్న సిలువ, దాదాపు నిటారుగా. నైరుతి దిక్కున, తాటిచెట్ల మీదికి ఒరిగిపోతూ నా ఇరవై రెండేండ్ల సిలువ. రెండూ ఒకే ఆకాశంలో ఉన్నాయి. ముసుగు తన్ని పడుకున్నాను.

ఇక నువ్వు మూడు ఉత్తరాల్లో అడిగిన మాట. "చనిపోయే ముందు తమ్ముడు ఇంటికొచ్చిండా?" రాలేదని మూడుసార్లూ రాశాను. ఆ మనిషిని ఎరుగనని పేతురు మూడుసార్లే అన్నాడు. కోడి కూసింది, వెంటనే బయటికి పోయి ఏడ్చాడు. నాకు ఏడాది పట్టింది.

వచ్చాడు తల్లీ. పోవడానికి తొమ్మిది రోజుల ముందు, శుక్రవారం రాత్రి. అవ్వ మానుకోటలో చెల్లెలింటికి పోయి ఉంది. వాడు గడప తొక్కలేదు, నేను తొక్కవద్దన్నాను గదా. వాకిట్లో నిలబడి పిలిచాడు. "నాయినా, జర బయటికి రా. రెండూ కనవడ్తున్నయి. అయిదు నిమిషాలు. చూసినంక మల్ల కొట్టు, పడ్త." నేను దీపం దగ్గర గ్రంథం తెరిచి వాడికి వినబడేలా గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఏ అధ్యాయం చదివానో ఇప్పటికీ గుర్తు రాదు. వాడు పాత సిలువ తాటిచెట్ల వెనక దిగేదాకా నిలబడ్డాడు. కుండలో నీళ్లు ముంచుకుని తాగిన చప్పుడైంది. చెంబు బోర్లించాడు. పోయాడు.

మరునాడే వాడు మీ ఇంటికి వచ్చి ఒక కాగితం ఇచ్చాడని నీ కిందటి ఉత్తరంలో రాశావు. రెండు సిలువలు, రెండు చుక్కలు, దిక్కులు, గంటలు, అన్నీ గీశాడని రాశావు. "నాయిన అడిగితెనే ఇయ్యక్కా, అడుగకుంటె ఇయ్యకు" అన్నాడట. ఏడాదిగా అది నీ ట్రంకుపెట్టెలో ఉంది. నీ ఉత్తరం చదివాక కూడా నేను అడగలేదు. అడుగుడి, మీకియ్యబడునని వెయ్యి కూడికల్లో గొంతు చించుకున్నాను, నా కన్నబిడ్డను అడగలేకపోయాను.

ఆ రాయి మీద సిలువ నాలుగు చుక్కలుగా ఉండాలి, పక్కన దాన్ని చూపే రెండు చుక్కలుండాలి. సుద్దముక్కతో బండ మీద గీసి చూశాను. ఎన్నిసార్లు గీసినా నా చేతికి పాత సిలువే వస్తోంది. కొలత తమ్ముడి కాగితంలోనే ఉంది. ఆదివారం ఆ రాయి దగ్గర నిలబడి నా నోటితోనే అందరికీ చెబుతాను. చంద్రి ముందు కూడా చెబుతాను. నవ్వితే నవ్వనీ.

ఈ ఉత్తరం మీ వైపు వస్తున్న నర్సు శశికళ చేత పంపుతున్నాను. రేపు మధ్యాహ్నం నీకు అందుతుంది. చీకటి పడగానే, చెల్పూర్ దీపాల వెలుగు కండ్లలో పడకుండా కాలనీ దాటి ఆవలికి నడువు. నేను ప్రభువును తెలుసుకోకముందు ఉత్తరపు చుక్క పేరు నీకు పెట్టాను, ఈ ఒక్క రాత్రి దక్షిణం చూడు. నడినెత్తికి కాస్త కింద అయిదు వేళ్లలాగా హస్త కనబడుతుంది. అక్కణ్నుంచి చూపు నిట్టనిలువునా కిందికి దించు. తొమ్మిదింటికి చిన్న సిలువ నేలకు జానెడెత్తున నిలబడి ఉంటుంది. ఎడమపక్క రెండు పెద్దవి. ఇంకా ఎడమన, తూర్పు వైపు తేలు పైకి పాకుతుంటుంది, దాని గుండె ఎర్రగా ఉంటుంది. మబ్బులొస్తే మళ్లీ వచ్చే ఏడుదాకా సిలువ కనబడదు.

నన్ను క్షమించమని అడగను, అది నీ ఇష్టం. కాగితం మాత్రం అడుగుతున్నాను. అరుంధతీ, నా కొడుకు నాకు చూపించాలనుకున్నది నాకియ్యి. ఈ అక్షరం చదివిన చోటనే లే. పెట్టె తెరువు. రాత్రి చుక్కలు చూసి, తెల్లారి మొదటి బస్సెక్కు. కాటమయ్య రాయి మీద ఉలి పెట్టకముందే రా!

ఇట్లు,
అడగడానికి ఆలస్యం చేసిన నీ నాయిన,
పోశాలు