స్నానం తొట్టి లాంటి సముద్రం

సెందాయ్, ఏప్రిల్

ప్రియమైన కొజుయె అక్కకి,

నీ బాలవాడి పిల్లల ఫోటో అందింది. వాళ్లు ఎంత ముద్దుగా ఉన్నారో, వాళ్ల వెనక ఇసుకలో పాతిన బోర్డు అంత రోతగా ఉంది. "భూకంపం వస్తే ఇక్కడ చేరాలి" అట. సముద్రానికి సరిగ్గా ఎదురుగా.

కొండచరియలు విరిగిపడతాయన్న భయంతో మన ఊళ్లో నేల కదిలితే అందరూ ఇసుకలోకే పరుగెత్తుతారు. చిన్నప్పుడు నేనూ పరుగెత్తాను. కానీ ఈ ఏడాది యూనివర్సిటీలో నాకు ఇచ్చిన పని, చుట్టూ నేల ఉన్న సముద్రాల్లో సునామీ ఎలా వస్తుందో పోల్చడం. ఇస్తాంబుల్ నుంచి వచ్చిన షెబ్నెం నాకు తోడు. ఆమె వంతు వాళ్ల ఊరి పక్కనున్న మర్మరా సముద్రం, నా వంతు మన జపాన్ సముద్రం. మహాసముద్రంలో ఎక్కడో దూరాన పుట్టిన అలైతే పారిపోవడానికి కాస్త వ్యవధి ఉంటుంది. మన దగ్గర నేల చీలేది గడప పక్కనే. సైరన్ కంటే ముందే నీళ్లు రావచ్చు. మర్మరా ఇంకా ఇరుకు. దాని అడుగున మట్టి జారినా అల లేస్తుంది. అక్కడ కూడా నేల కదిలితే జనం గోడలకు భయపడి ఒడ్డున ఉన్న పార్కులకు చేరతారట. "మీకూ మాకూ ఒకటే తెలివి" అని షెబ్నెం నవ్వింది. నాకు మాత్రం వెగటు పుట్టింది.

ఆ బోర్డు పీకించు అక్కా.

ఏవగింపుతో, ప్రేమతో కూడా,
చిగుసా


ఊరి నుంచి, ఏప్రిల్ చివర

మా చిగూకి,

ఒక్క ఉత్తరంలో రోత, వెగటు, ఏవగింపు. కొత్తగా కొన్న గిన్నెల్లా మాటలన్నీ ఒకేసారి బయటపెట్టావు.

నాన్నకి చదివి వినిపించాను. జాలర్ల సంఘం పెద్దగా ఆ బోర్డు పాతించింది ఆయనే, మర్చిపోయావా? చేప పేగులు తీస్తూ తల ఎత్తకుండానే అన్నాడు: "పసిఫిక్ పిచ్చికుక్క. మనది స్నానం తొట్టి. తొట్టిలో ఎవడైనా కొట్టుకుపోతాడా? సెందాయ్ నీళ్లు తాగి దీనికి తల తిరిగింది."

బోర్డు తీయిద్దామా అని మా పెద్ద టీచరు ఒనోదెరా గారిని అడిగాను. "మీ నాన్నగారు పెట్టించిందే కదమ్మా, ముందు ఇంట్లో తేల్చుకోండి" అని నాకు టీ పోసింది. కాబట్టి వచ్చే భూకంపం డ్రిల్లు కూడా ఇసుకలోనే.

నీ పుణ్యమా అని నాకు నిద్ర కరువైంది.

నీ అక్క,
కొజుయె


సెందాయ్, మే

అక్కా,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు.

నాన్న తొట్టి అన్నది నిజమే. నా భయమూ అదే. నాన్న తొట్టిలో ధబీమని కూర్చుంటే నీళ్లు అటు గోడకు కొట్టుకుని తిరిగి ఆయన మొహం మీదికే వస్తాయి. మళ్లీ పోతాయి, మళ్లీ వస్తాయి. మన తొట్టికి అటు గోడ రష్యా, కొరియా. మొదటి అల చిన్నదే కదా అని కిందికి దిగితే తర్వాతది పెద్దది కావచ్చు. గంటల తరబడి ఊగుతుంది ఆ నీరు.

మన ఊరి గుడి ఉన్నది రాతి కొండ మీద. అది ఎన్నడూ విరిగిపడలేదు. అయినా పిల్లల్ని ఇసుకలో నిలబెట్టి, మర్యాద చెడకుండా టీ తాగుతున్నారు మీరు. అసహ్యంగా ఉంది. అందులో నువ్వూ ఉన్నావు.

జవాబు రాయకు. ఏదో ఒకటి చెయ్యి.

చిగుసా


ఊరి నుంచి, జూన్

చిగూ,

అందరం క్షేమం. ముందు ఆ మాట రెండుసార్లు చదువుకో. ఫోన్లు ఇంకా పనిచేయడం లేదు.

నీ ఉత్తరం చదివి నిన్ను బాగా తిట్టుకున్నాను. ఆ తర్వాత పిల్లలకి ఒక ఆట నేర్పాను. నేను బల్లలు ఊపుతాను. ఊపడం ఆపగానే గుడి మెట్లెక్కాలి. చివర వచ్చినవాళ్లు తాబేలు. రోజూ ఆడాం. కాళ్లకి మంచి వ్యాయామమని ఒనోదెరా గారు మెచ్చుకుంది కూడా.

ఆ రోజు అన్నం డబ్బాలు తెరుస్తుంటే నేల ఊగింది. ఆగగానే ఆవిడ ఈల ఊది, "ఇసుకలోకి, వరుసగా" అంది. ఒక్కడూ వినలేదు. చెప్పులైనా లేకుండా అందరూ మెట్ల మీదికి పరుగు. "తాబేలు టీచరూ, తొందరగా రా" అని ఆవిడకి పైనుంచి కేకలు. పిల్లల్ని వదల్లేక ఆవిడా తిట్టుకుంటూ ఎక్కింది. రేవులోంచి చూసి, వాళ్లని కిందికి తెద్దామని నాన్న కూడా కోపంగా ఎక్కాడు. అప్పుడొచ్చాయి నీళ్లు. సైరన్ ఇంకా మోగలేదు. బోర్డు దగ్గర మోకాలెత్తు నీళ్లు.

"ఇంతేనా? తొట్టి పొంగింది" అని నవ్వి, పడవ కట్టడానికి నాన్న దిగబోయాడు. నేను మెట్టు మీద అడ్డంగా కూర్చున్నాను.

"లేవవే."

"నన్ను తొక్కి వెళ్లు నాన్నా."

ఇద్దరం వాదించుకుంటుండగానే తర్వాతి అల వచ్చింది. బోర్డు, వలల కొట్టం, నాన్న పడవ, అన్నీ పోయాయి. సాయంత్రం దాకా నీళ్లు వస్తూ పోతూనే ఉన్నాయి.

ఇప్పుడు విను. నాలుగు రోజుల కిందట పంచాయతీ ఆఫీసు నుంచి కొత్త బోర్డు వచ్చింది. అవే అక్షరాలు, అదే చోట పాతాలట. ఎందుకని అడిగితే, "సిమెంటు గుంత అలాగే ఉంది కదండీ, వృథా ఎందుకు" అన్నాడు దాన్ని తెచ్చినవాడు. నీ దగ్గర బోలెడు మాటలున్నాయిగా, దీనికి సరిపడేది ఒకటి పంపు. నాకు ఉమ్మి తప్ప ఏమీ రాలేదు.

పడవ లేదు కదా, మర్నాడు పొద్దున్నే నాన్న పక్క రేవుకి నడిచి వెళ్లి, రెండు బకెట్ల చేప పేగులు మోసుకొచ్చి ఆ గుంతలో పోశాడు. మిగిలింది చుట్టూ ఇసుక మీద చల్లాడు. రోజూ పోస్తాడట. ఎండకి ఈగలు ముసిరాయి, కంపు మా బాలవాడి దాకా కొడుతోంది. పాతడానికి వచ్చిన ఆఫీసువాళ్లు ముక్కు మూసుకుని బోర్డుని వెనక్కి తీసుకుపోయారు. ఇక అక్కడ ఏ మనిషీ నిలబడడు.

ఎంత రుద్దినా నాన్న ఒంటి కంపు పోవడం లేదు. రాత్రి తొట్టిలోకి దిగేటప్పుడు మాత్రం అంచు పట్టుకుని, నీళ్లు కదలకుండా, మెల్లగా కూర్చుంటున్నాడు.

నీ అక్క,
కొజుయె