రికార్డరుతో పాటు పోయిన క్యాసెట్టు

అన్నా,

నువ్వు దుబాయిలో చనిపోయి నేటికి ఏడాది. నీ రూములో ఉండే రుద్రంగి రాజన్న పోయిన వారం నీ పెట్టెతో మన కోరుట్ల ఇంటికి వచ్చాడు. విమానంలో వేసిన పెట్టె, దిగి చూసేసరికి తాళ్లు కోసి ఉందట. బట్టలు, కంబళి ఉన్నాయి. టేప్ రికార్డరు లేదు. నువ్వు చివరిసారి మాట్లాడి నింపిన క్యాసెట్టు ఆ రికార్డరులోనే ఉండి, దానితోనే పోయింది.

"జేబుల పెట్టుకోని రావద్దా అన్నా?" అని రాజన్న మీద అరిచాను.

"అమ్మ బటన్ ఒత్తంగనే వాని గొంతు ఇనపడాలని అండ్లనే పెట్టిన తమ్మీ," అని తల దించుకున్నాడు.

అతన్ని వెంటబెట్టుకుని హైదరాబాదులో విమానం కంపెనీ ఆఫీసుకు వెళ్లాను. పోయిన సామాను బరువును బట్టి పరిహారం ఇస్తామన్నాడు అక్కడి సారు.

"మా అన్న గొంతు ఎన్ని కిలోలని రాస్తవ్ సార్? రికార్డరు దొంగకే ఉండనియ్. క్యాసెట్ తెప్పియ్!"

దోపిడీ గురించి కరపత్రాల్లో చాలా చదివాను. దాని కత్తి గాటును మాత్రం నీ పెట్టె తాడు మీదే చూశాను. పరిహారం వద్దని వచ్చేశాను.

ఇవాళ రాజన్న అమ్మ ముందు కూర్చుని, నువ్వు రికార్డు చేస్తుంటే తను విన్న మాటలు గుర్తున్నంత వరకు చెప్పాడు. అమ్మ మోకాళ్ల నొప్పి గురించి అడిగావట. నా గురించి ఒకటే చెప్పావట: "తమ్ముని ఎవలతోని లొల్లి పెట్టుకోవద్దను."

"ఇన్నవా రా?" అంది అమ్మ.

విన్నాను. కానీ అన్నా, నీ గొంతుతో వినేదాకా ఆ మాట ఒప్పుకోను. సోమవారం మళ్లీ ఆ ఆఫీసుకే పోతున్నాను.