జోలేఖా ఎందుకు రాలేదు

చర్ శాలిఖ్,
1992 మార్చి

ప్రియమైన మీకు సలాములు.

క్షేమంగా చేరాను. లాంచీలో దారంతా వాంతులే. ఈ లంకలో ఒమేలా అవ్వ మళ్ళీ వేసుకున్న ఇంట్లో ఉంటున్నాను. దాని పక్కనే మా చెల్లి జోలేఖా గుడిసె ఉండేది. ఇప్పుడక్కడ ఉప్పుమట్టి తప్ప ఏమీ లేదు.

దిగిన మర్నాడే, బడి కట్టడానికి నాతో వచ్చిన జట్టువాళ్ళు నా చేతికి సుత్తి ఇచ్చారు. పొడుగాటి స్తంభాల మీద బడి కడుతున్నాం. తుఫాను వస్తే ఊరంతా పైకెక్కి తలదాచుకోవచ్చు. మన గడ్డ మీద రాయి దొరకదు కదా, కాల్చిన ఇటుకల్నే మళ్ళీ పగలగొట్టి కంకర చేస్తున్నాం. నా చేతులు చూస్తే గుర్తుపట్టరు మీరు. కూలి లేదు, రెండుపూటలా అన్నం, ఎండుచేపల కూర పెడతారు.

నాకు అర్థం కానిది ఒక్కటే. పోయినేడు తుఫాను సాయంత్రం ఇరుగుపొరుగువాళ్ళు జోలేఖాను గొంతు చించుకుని పిలిచారట. వాళ్ళంతా ఎక్కి బతికిన మట్టికట్ట అల్లంత దూరంలోనే ఉంది. అది రాలేదు. పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఇంట్లోనే కూచుందట. ఎందుకండీ? అదేమన్నా మతిలేని మనిషా? ఏడుద్దామంటే ముందు కోపం తన్నుకొస్తోంది.

మీ రాహెలా

*

బొరిశాల్ లాంచీఘాట్

ప్రియమైన ఇటుకల మహారాణికి,

టికెట్ల కౌంటర్లో కూచుని నీ ఉత్తరం చదువుతుంటే ఎదురుగా వరుసలో జనం నన్ను తిట్టిపోశారు. ఇంట్లో అన్నం రోజూ మాడుతోంది. పిల్లి కూడా నా వంట ముట్టడం లేదు.

పోయిన మనిషిని ఎందుకు రాలేదని అడిగితే ఎవరు చెప్తారే? పాపం, మొగుడు సముద్రం మీద ఉన్నాడు, అది భయపడి ఉంటుంది. నువ్వు బుర్ర పాడుచేసుకోకు. పని చూసుకుని తొందరగా వచ్చెయ్.

నీ తొఫజ్జల్

*

చర్ శాలిఖ్,
ఏప్రిల్

ప్రియమైన మాడన్నం మారాజుకి,

నాకు మరీ అయోమయంగా ఉంది. ఈ ఊరి ఆడవాళ్ళు మాతోపాటు కంకర కొడతారు, తట్టలు మోస్తారు, మేస్త్రీని ఆటపట్టిస్తారు. "తుఫాను వస్తే ఎక్కుతారా మరి?" అని అడిగానా, ఒక్కొక్కరూ ఒక్కో సాకు చెప్తారు.

"నా ఆవునెక్కడ కట్టను?" అంది ఒకామె. "మగాళ్ళ మధ్య ఎలా కూచుంటాం తల్లీ?" అంది ఇంకొకామె. మూడో ఆమె పేరు తహురా. "మా ఆయన్ని అడిగి చెప్తా" అంది.

"ఆయన చేపలవేటకెళ్ళి ఉంటేనో?" అన్నాను.

"వచ్చాక అడుగుతా!"

అందరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "దేవుడు మీకు కాళ్ళివ్వలేదా?" అని అరిచేశాను.

ఆవుల కోసం ఎత్తుగా మట్టిదిబ్బ పోయించాం. ఆడవాళ్ళకి పైన అడ్డుగోడ కట్టించాం. తహురాకి ఏం కట్టాలో మాత్రం నాకు తెలియడం లేదు.

మీ రాహెలా

*

బొరిశాల్,
మే

రాహెలా,

ఘాట్‌లో అందరూ నవ్వుతున్నారు. "తొఫజ్జల్ పెళ్ళాం మేస్త్రీల మధ్య తట్టలు మోస్తోందట" అని. నువ్వు చేసేది మంచిపనే, కాదనను. కానీ నాకు తల ఎత్తుకోవాలో దించుకోవాలో తెలియడం లేదు. ఇక చాలు. బక్రీదుకి ముందే నేనొచ్చి తీసుకెళ్తాను. అందాకా ఆ అవ్వ ఇంటి గడప దాటకు. ఇది నా మాట.

తొఫజ్జల్

*

చర్ శాలిఖ్

ప్రియమైన మీకు,

బతికే ఉన్నాను. కంగారుపడకండి.

మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలేదు. పనికీ వెళ్ళలేదు. అలా ఉండగానే అన్నిటికంటే పెద్దదైన పదో నంబరు తుఫాను ప్రమాద హెచ్చరిక వచ్చింది. కుర్రాళ్ళు మైకులో అరుస్తూ పరిగెత్తారు. ఆడవాళ్ళందరూ బడి వైపు బయలుదేరారు. తహురా కూడా పిల్లల్ని లాక్కుంటూ పోయింది. "ఆయనొచ్చాక చెప్పుకుంటాలే!" అంటోంది.

నేను కదల్లేదండీ. ఊరందరికీ చెప్పినదాన్ని, చాపమీద చతికిలపడి కూచున్నాను. మీ మీద కోపంతో కాదు, భయంతోనూ కాదు. ఎందుకో నాకే తెలియలేదు. ఒమేలా అవ్వ వచ్చి "లేవే!" అంది. "ఆయన గడప దాటొద్దన్నారు" అన్నాను. ఆ మాట నా నోటివెంటే వచ్చింది.

అవ్వ మొహం పాలిపోయింది. "పోయినేడు మీ చెల్లి కూడా అచ్చం ఇదే అంది. సరే నీ ఇష్టమని వదిలేసి పరిగెత్తాను. ఇవాళ వదలను. నీ మొగుడి మాట నీళ్ళలో ఈదుతుందా? పదవే మొండిదానా!" అంటూ జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్ళింది. మెట్లదాకా తిట్టింది. పైకెక్కాక నన్ను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

తెల్లారేసరికి కట్ట తెగింది. అవ్వ ఇల్లు లేదు. బడి నిలబడింది. లోపల మేమంతా ఉన్నాం, అటు దిబ్బ మీద ఆవులూ ఉన్నాయి.

జోలేఖా మీద నాకిప్పుడు కోపం లేదు. ఏడాదిగా దాన్ని తెలివితక్కువదని తిట్టుకున్నాను. ఇవాళ కడుపారా ఏడ్చాను.

మీరు రండి. నలుగురూ నవ్వితే నవ్వనీండి. అవ్వకి ఇల్లు కట్టేదాకా నేను ఇక్కడే ఉంటాను. ఆ మాట వెనక్కి తీసుకున్నానని ఒక్క ముక్క రాస్తే సంతోషిస్తాను. రాయకపోయినా, ఈసారి తుఫానొస్తే మీ మాట కోసం ఆగను.

మీ రాహెలా