తాతయ్య కాయకు గొడుగు పట్టాను

అమ్మా,

నేను వానలో నానిపోయానని పిన్ని నీకు రాసింది నిజమే. జలుబు తగ్గిపోయింది, కంగారు పడకు. ఎందుకు తడిశానో మాత్రం నేనే చెప్పాలి.

ఎవరి కాయ ఎక్కువ తూగితే వాళ్లు గెలిచే ఆ గూస్‌బెర్రీ పోటీ కోసం ఈ ఏడు తాతయ్య పొద మీద ఒకే ఒక్క కాయ ఉంచాడు. అది చిన్న కోడిగుడ్డంత అయింది. పోటీకి ముందురోజు సముద్రం మీది నుంచి వాన దిగింది. ఎండకు తొక్క బిగిసిన కాయ మీద వాన పడితే పగిలిపోతుందట. తాతయ్యకేమో మోకాలు పట్టేసింది. తన నల్ల గొడుగు నా చేతికిచ్చి పంపాడు. ఆ గాలికి గొడుగుతో పాటు నేనూ ఎగిరిపోతాననుకున్నాను. నిబ్బరం అనే మాట ఇన్నాళ్లూ పుస్తకాల్లోనే చదివాను, ఆ పూట చేతులకు తెలిసింది.

పక్కింటి ఎనోక్ తాత కంచె మీంచి తొంగి చూశాడు. "ఏమోయ్ సైలస్! కాయకి గొడుగు, మనవరాలికి వానా?"

తాతయ్య కిటికీలోంచి అరిచాడు. "పిల్ల తడిస్తే ఆరుతుంది. కాయ పగిలితే నువ్వొచ్చి కుడతావా?"

మర్నాడు తూకంలో ఎనోక్ తాత కాయ పైకి లేచింది, మనది కిందికి దిగింది! ఆయన టోపీ తీసి తాతయ్యకు కాదు, నాకు దణ్ణం పెట్టాడు.

ఉన్ని మేజోళ్లు పంపు. పిల్లి ఈనిందా? నాన్న దగ్గు ఎలా ఉంది?

చిన్నప్పుడు తాతయ్య నిన్ను ఆ పొదల దగ్గరికే రానిచ్చేవాడు కాదటగా! మూల పొద ఇక నాదేనన్నాడు. వచ్చే ఏడు వానొస్తే గొడుగు పట్టడానికి నువ్వు రావాలి.

అందరికీ ముద్దులతో,
నీ హెస్టర్